ప్రేరీ రైతు చనిపోతే సంస్మరణలో ఇన్ని కమిటీల పేర్లు ఎందుకు రాస్తారు?

మీ ప్రశ్న కొత్తగా చూసేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెబుతాను. మీరు కెనడాలో ప్రేరీలనే గడ్డి మైదానాల ప్రాంతంలో ఉన్న సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో ఓ చిన్న ఊళ్ళో ఫార్మసీ ఉద్యోగానికి వచ్చారు. మీరు అద్దెకుంటున్న ఇంటి ఓనర్, 88 ఏళ్ళ రైతు, పోయిన వారం కన్నుమూశారు. లోకల్ పేపర్లో ఆయన గురించి పెద్ద సంస్మరణ వేశారు. 1937లో తాతగారి హోమ్‌స్టెడ్‌లో (సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన పొలంలో) పుట్టారు, వీట్ పూల్ (గోధుమ రైతుల సహకార సంస్థ) డెలిగేట్‌గా చేశారు, ఆర్.ఎం. (పల్లె ప్రాంత స్థానిక సంస్థ) కౌన్సిలర్, స్కూల్ ట్రస్టీ, కర్లింగ్ (ఐస్ మీద రాళ్ళు జార్చే ఆట) రింక్‌లో ఏళ్ళ తరబడి ఐస్ తయారు చేశారు, శ్మశానంలో గడ్డి కోసేవారు, ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్ పొలంలో విత్తేవారు అని అందులో ఉంది. వేల ఎకరాలున్న మనిషికి ఇన్ని కమిటీలు ఎందుకు, ఇది రాజకీయమా, సేవా, లేక ఊరి పెద్దరికమా అని అడిగారు. అంత్యక్రియలకు పిలుపు రాలేదు, వెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

వెళ్ళండి. పేపర్లో టైమ్, చోటు వేశారంటే అదే పిలుపు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను. మిగతా ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా పంటల సలహాదారుగా పనిచేస్తున్నాను. మాది అనంతపురం జిల్లా, మెట్ట సేద్యం చేసే ఇల్లు. ఇక్కడి రైతుల ఇళ్ళల్లో, షెడ్లలో, పొలం గట్ల మీద కూర్చుని విన్నవే ఇందులో ఎక్కువ.

నా అభిప్రాయం ఒక్కమాటలో చెప్పమంటే, ఆ కమిటీలు వ్యవసాయం అయ్యాక మిగిలిన టైమ్‌లో చేసిన పుణ్యకార్యాలు కావు. అవి లేకపోతే ఇక్కడ వ్యవసాయమే నడిచేది కాదు.

ఎందుకో తెలియాలంటే ఇక్కడి భూమి కొలత చూడాలి. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం కింద 10 డాలర్ల ఫీజు కడితే 160 ఎకరాల ముక్క ఇచ్చేవారు. దాన్నే క్వార్టర్ అంటారు. అలాంటి నాలుగు ముక్కలు కలిస్తే మైలు పొడవు, మైలు వెడల్పున్న ఒక సెక్షన్. పట్టా చేతికి రావాలంటే మూడేళ్ళు అక్కడే కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, కొంత భూమి దున్ని సాగులోకి తేవాలి. మన ఊళ్ళల్లో ఇళ్ళన్నీ ఒకచోట ఉంటాయి, పొలాలు చుట్టూ ఉంటాయి. పొద్దున పొలానికి పోయి సాయంత్రం ఊళ్ళోకి వస్తాం. ఇక్కడ చట్టమే ప్రతి కుటుంబాన్నీ తన పొలం మధ్యలో ఒంటరిగా కూర్చోబెట్టింది. పక్కింటి దీపం కనిపించాలంటే అర మైలో, మైలో చూడాలి. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ల లాంటి కొన్ని క్రైస్తవ శాఖలవాళ్ళు మాత్రం ప్రభుత్వంతో మాట్లాడుకుని ఊళ్ళుగా ఉండే వెసులుబాటు తెచ్చుకున్నారు. మిగతావాళ్ళకి ఆ భాగ్యం లేదు.

మనకు ఊరు పుట్టుకతోనే వస్తుంది. రచ్చబండ, గుడి, చెరువు, మంగలి, కుమ్మరి అన్నీ తాతల నాటి నుంచి ఉంటాయి. ఇక్కడ ఆ మొదటి తరానికి ఏదీ లేదు. పిల్లలకు బడి కావాలంటే నలుగురూ కూర్చుని స్కూల్ డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేసుకుని, తమ మీద తామే పన్ను వేసుకుని, ఒక గది కట్టి, టీచరమ్మకి ఎవరింట్లోనో బస చూపించాలి. ఆ ట్రస్టీల బాధ్యతల్లో పొయ్యికి కట్టెలు సమకూర్చడం కూడా ఒకటి. ఫోన్ సంగతీ అంతే. 1908లో గ్రామీణ టెలిఫోన్ చట్టం వచ్చాక రైతులే చిన్న చిన్న కంపెనీలు పెట్టుకుని, స్తంభాలు పాతుకుని, వైర్లు లాక్కున్నారు. ఒకే లైన్ మీద పది పన్నెండు ఇళ్ళు. ఆగకుండా పొడుగ్గా మోగితే ఎక్కడో నిప్పంటుకుందని అర్థం, అందరూ ఫోన్ ఎత్తాల్సిందే. మామూలు రోజుల్లో కూడా అందరూ ఎత్తి వినేవారనుకోండి, అది వేరే కథ.

ఇక్కడ ఒక మాట దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. సంస్మరణల్లో 'ఖాళీ నేలను సాగులోకి తెచ్చిన కుటుంబం' లాంటి మాటలు కనిపిస్తాయి. ఆ నేల ఖాళీ కాదు. క్రీ, సోల్టో, అసినిబోయిన్ అనే మూలవాసీ జనాలు తిరిగిన నేల అది. ప్రభుత్వంతో వాళ్ళకి 1874లో నాలుగో ఒప్పందం, 1876లో ఆరో ఒప్పందం జరిగాయి. బైసన్ (అడవి దున్నల్లాంటి పశువులు) మందలు అంతరించిపోయి ఆకలితో ఉన్న జనాన్ని రిజర్వులకు, అంటే వాళ్ళకని వేరుగా కేటాయించిన స్థలాలకు సర్దారు. 1885 తరువాత ప్రభుత్వ ఏజెంటు రాసిచ్చిన పాస్ లేకుండా రిజర్వు దాటనివ్వలేదు. వాళ్ళల్లో బాగా సేద్యం చేస్తున్నవాళ్ళని కూడా 1889 నుంచి యంత్రాలు వాడకుండా, చిన్న కమతాలు చేత్తోనే చేసుకోమని కట్టడి చేశారు. వలస వచ్చిన రైతు ఇరుగుపొరుగుతో కలిసి యంత్రం కొనుక్కోగలిగాడు. పక్కనే ఉన్న రిజర్వు రైతుకు ఆ దారి మూసేశారు. మీ ఓనర్‌ గారి తప్పు ఇందులో లేదు, కానీ ఆ 'కమ్యూనిటీ' అనే మాటలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు డాక్టరు సంగతికి వద్దాం. మీరు ఫార్మసీలో ఉన్నారు కాబట్టి ఇది మీకు దగ్గరగా ఉంటుంది. ఆర్.ఎం. అంటే రూరల్ మునిసిపాలిటీ, మన మండలంలాంటిది. రైతులే ఎన్నికై నడుపుతారు. 1915లో సార్నియా అనే ఆర్.ఎం.లో ఉన్న ఒక్క డాక్టరూ రాబడి చాలక వెళ్ళిపోతానన్నాడు. కౌన్సిల్లోని రైతులు పన్నుల డబ్బులోంచి ఏడాదికి 1,500 డాలర్లు ఇచ్చి ఆపుకున్నారు. అది చూసి మిగతా ఆర్.ఎం.లు కూడా మొదలుపెట్టాయి. అదే సమయంలో వయొలెట్ మెక్‌నాటన్ అనే రైతు మహిళ, ధాన్యం రైతుల సంఘంలో ఆడవాళ్ళ విభాగాన్ని కూడగట్టి, పల్లెల్లో నర్సులు, మంత్రసానులు, ఆసుపత్రులు కావాలని పట్టుబట్టింది. 1946లో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతమంతా కలిసి ఒక ఆరోగ్య పథకం పెట్టుకుంది. 1947లో ప్రావిన్స్ మొత్తానికి ఆసుపత్రి బీమా వచ్చింది. 1962 జూలై 1న పూర్తి స్థాయి మెడికేర్, అంటే డాక్టరు ఖర్చులకు కూడా ప్రభుత్వ బీమా మొదలైంది. దాన్ని వ్యతిరేకిస్తూ డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. మెడికేర్ అంటే అంతకు ముందు ప్రీమియర్‌గా (ముఖ్యమంత్రిగా) చేసిన టామీ డగ్లస్ పేరే ఇక్కడ అందరికీ తెలుసు, ఆ సమ్మె నాటికి ప్రీమియర్‌గా ఉన్నది మాత్రం వుడ్రో లాయిడ్. మీ కౌంటర్ దగ్గర జనం చూపించే హెల్త్ కార్డుకి మూలం వెతుక్కుంటూ పోతే ఒక ఆర్.ఎం. మీటింగ్ దగ్గర తేలతారు. కాబట్టి మీ ఓనర్‌ గారు 'కౌన్సిలర్' అంటే రోడ్డు మీద కంకర పోయించిన మనిషి అని మాత్రమే అనుకోకండి. కంకర కూడా పోయించే ఉంటారు, ఇక్కడ కౌన్సిలర్‌కి వచ్చే ఫోన్లలో సగం దాని గురించే.

వీట్ పూల్ డెలిగేట్ అన్న మాట మీకు అస్సలు అర్థం కాలేదన్నారు. ఇప్పుడు ఆ పేరుతో ఏ సంస్థా లేదు కాబట్టి కొత్తవాళ్ళకి తెలియదు. ఒకప్పుడు రైతు పండించిన గోధుమ రైల్వే లైన్ పక్కనున్న ఎలివేటర్‌కి తోలేవాడు. ఎలివేటర్ అంటే పొడవైన చెక్క గోదాము, ధాన్యం తూకం వేసి, గ్రేడు కట్టి, రైలు పెట్టెలకు ఎక్కించే చోటు. 1930ల్లో ప్రేరీల్లో ఇవి ఐదు వేలకు పైగా ఉండేవి. గ్రేడు కట్టేది కంపెనీ మనిషి, తూకం వేసేదీ అతనే. తరుగు, నాణ్యత పేరు చెప్పి ధర కోసే పద్ధతి మన మార్కెట్ యార్డుల్లో చూసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. 1923-24లో సస్కాచెవాన్ రైతులు బగ్గీల మీద, పాత కార్ల మీద ఇల్లిల్లూ తిరిగి, ఐదేళ్ళ పాటు గోధుమంతా పూల్ ద్వారానే అమ్ముతామని సంతకాలు సేకరించారు. ప్రావిన్స్ గోధుమ విస్తీర్ణంలో సగం వస్తేనే మొదలుపెట్టాలని షరతు పెట్టుకుని, సగం దాటించారు. మన ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలై ఎలా నిలబడిందో తెలిసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు, విస్తీర్ణమే పెద్దది.

ఆ పూల్‌లో ప్రతి ఎలివేటర్ దగ్గరా ఒక లోకల్ కమిటీ ఉండేది. దాని పైన రైతులు ఓటేసి ఎన్నుకున్న డెలిగేట్లు. డెలిగేట్ అంటే చలికాలంలో మంచు రోడ్ల మీద కారేసుకుని పోయి, స్కూల్ గదిలో ఇరవై మంది రైతుల ముందు నిలబడి, కంపెనీ లెక్కలు చెప్పి, వాళ్ళ తిట్లు తిని, ఆ తిట్లను ప్రావిన్స్ రాజధాని రెజైనాలో జరిగే వార్షిక సమావేశానికి మోసుకుపోయే మనిషి. దానివల్ల గొప్పగా వచ్చే డబ్బేమీ లేదు. 1929లో ధరలు కూలిపోయినప్పుడు పూల్ కూడా దాదాపు మునిగింది, రైతులకు ముందే ఎక్కువ చెల్లించినందుకు పడ్డ అప్పు ఏళ్ళ తరబడి తీర్చింది. 1935లో రైతుల గోధుమ కొని అమ్మే ప్రభుత్వ సంస్థ, వీట్ బోర్డు వచ్చింది. పూల్ 1996లో షేర్ మార్కెట్‌కి ఎక్కింది, 2007లో వేరే కంపెనీతో కలిసి విటెరా అయింది. వీట్ బోర్డుకున్న ఏకైక కొనుగోలుదారు హక్కు 2012 ఆగస్టు 1తో పోయింది. దీని మీద ఇక్కడి రైతులు ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. ఎవరింటికైనా భోజనానికి వెళితే ఈ టాపిక్ మాత్రం ఎత్తకండి.

ఆయన పుట్టిన సంవత్సరం 1937 అని రాశారు చూడండి, అది మామూలు ఏడాది కాదు. పదేళ్ళ కరువులో అన్నిటికంటే ఘోరమైన ఏడాది. ఆ సంవత్సరం సస్కాచెవాన్ సగటు గోధుమ దిగుబడి ఎకరాకు మూడు బుషెల్స్ కూడా లేదు. మన లెక్కలో ఎకరాకు ముప్పాతిక క్వింటాలు. విత్తనం పోగా ఏం మిగులుతుంది? దుమ్ము తుఫాన్లకి మధ్యాహ్నం దీపం పెట్టుకున్న కథలు, కంచెల వెంబడి మట్టి దిబ్బలు పేరుకున్న కథలు ఆ తరం పిల్లలు వింటూ పెరిగారు. పెట్రోలు కొనలేక కారు ఇంజన్ తీసేసి గుర్రాలు కట్టి లాగించారు. 1930 నుంచి 1935 దాకా ప్రధానిగా ఉన్న బెనెట్ పేరు మీద వాటిని బెనెట్ బగ్గీలని వెక్కిరించేవారు. తూర్పు ప్రావిన్సుల నుంచి రైళ్ళల్లో సాయం వచ్చింది. కూరగాయలు, ఆపిల్స్‌తో పాటు ఉప్పుచేప కూడా వచ్చింది. సముద్రం ఎరగని ఈ జనానికి ఎండు కాడ్ చేపను రాత్రంతా నానబెట్టి వండాలని తెలియదు. దాన్ని ఏంచేయాలో తోచక నానా తంటాలు పడ్డారని పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. మన కోస్తా వాళ్ళెవరైనా అప్పుడు పక్కన ఉంటే ఉప్పుచేప పులుసు ఎలా పెట్టాలో చూపించేవాళ్ళు.

అలాంటి ఏడాది పుట్టిన మనిషి పొదుపు మీకు వింతగా అనిపించి ఉండొచ్చు. వాడేసిన మేకులు సరిచేసి డబ్బాలో వేయడం, ఐస్‌క్రీమ్ డబ్బాలు కడిగి దాచడం, బ్యాంకులో లక్షలున్నా పాత పికప్ నడపడం ఇక్కడి ఆ వయసువాళ్ళందరి దగ్గరా చూస్తాను. అదే మనిషి రింక్ రూఫ్‌కి విరాళం అడిగితే రెండో మాట లేకుండా చెక్ రాస్తాడు.

వాళ్ళ ఏడాది ఎలా గడుస్తుందో చెప్పకపోతే ఆ కర్లింగ్ ఐస్ సంగతి మీకు అర్థం కాదు. ఏప్రిల్ దాకా నేల గడ్డకట్టి ఉంటుంది. మే నెలంతా విత్తనం. ఏడాది మొత్తం వానా మంచూ కలిపి చాలా చోట్ల 350 నుంచి 400 మిల్లీమీటర్లు. మా అనంతపురం కంటే తక్కువ. అది తెలిసిన రోజు నేను ఈ రైతులను చూసే చూపే మారింది. ఇప్పుడు దాదాపు ఎవరూ దున్నరు. గత పంట మోళ్ళ మధ్యలోనే ఎయిర్ సీడర్‌తో విత్తనం, ఎరువు కలిపి దించేస్తారు, తేమ పోకుండా. పైరును దెబ్బతీసే గడ్డకట్టే చలి లేని రోజులు చాలా చోట్ల వంద, నూట ఇరవైకి మించవు. అందుకే తొందరగా పండే రకం ఎవరు కనిపెడితే వాళ్ళే ఇక్కడ దేవుళ్ళు. చార్లెస్ సాండర్స్ అనే శాస్త్రవేత్త ఎంపిక చేసిన మార్క్విస్ గోధుమ అంతకు ముందున్న రెడ్ ఫైఫ్ కంటే వారం పైగా ముందే కోతకొచ్చి ఈ నేలను నిలబెట్టింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మన దేశం నుంచి వచ్చిన హార్డ్ రెడ్ కలకత్తా. ఈ సంగతి ఇక్కడి రైతుకు చెబితే భలే సంతోషిస్తాడు, మీరూ వాడుకోండి.

ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా కోతలు. ఆ రోజుల్లో వీళ్ళ ఇంటికి వెళితే ఎవరూ ఉండరు. పొలంలో కంబైన్ (కోత యంత్రం) ఆగదు, దాని పక్కనే గ్రెయిన్ కార్ట్ నడుస్తూ గింజలు పట్టుకుంటుంది, గట్టు మీద లారీ. ముసలాయన పిడికెడు గోధుమలు తీసి ఒక గింజ పంటి కింద పెడతాడు. ఠప్పుమని విరిగితే ఎండింది, సాగితే ఇంకా పచ్చి. ఆ తర్వాతే మీటర్ తెచ్చి చూస్తారు. గోధుమలో తేమ 14.5 శాతం దాటకూడదు, దాటితే బిన్‌లో (గాదెలో) వేడెక్కి పాడైపోతుంది. అర మార్కు అటూ ఇటూ ముసలాయన పళ్ళూ మీటరూ ఒకే మాట చెప్పడం నేను చాలాసార్లు చూశాను. సాయంత్రం ఆరింటికి ఇంట్లోంచి భోజనం వస్తుంది. పికప్ వెనక తలుపు దించి దాని మీద కాల్చిన మాంసం, ఉడికించిన బంగాళాదుంప, 'పై' అనే తీపి వంటకం అన్నీ పరుస్తారు. నడిపేవాళ్ళు ఒక్కొక్కరే దిగొచ్చి పది నిమిషాల్లో తినేసి పోతారు. పన్నెండేళ్ళ మనవడు ఆ పది నిమిషాలూ కార్ట్ తోలతాడు. వాన వస్తుందంటే రాత్రి రెండయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఆ టెన్షన్ మన వరి కోతల్లో తుఫాను హెచ్చరిక వచ్చినప్పటిదే.

నవంబరు చివరికొచ్చేసరికి కొన్ని రాత్రులు మైనస్ ఇరవై. పని తగ్గుతుంది, చీకటి ఎక్కువవుతుంది, మనిషి మొహం చూడాలంటే కావాలని బయల్దేరాలి. కర్లింగ్ రింక్ ఉన్నది అందుకు. ఐస్ తయారు చేసేవాడి పని మీరు ఒకసారి వెళ్ళి చూడండి. నీళ్ళు పలుచగా పొరలు పొరలుగా పోసి గడ్డకట్టించాలి. ఆట ముందు వీపున వేడినీళ్ళ క్యాన్ తగిలించుకుని, చేతిలో చిల్లుల స్ప్రే ఊపుతూ వెనక్కి నడుస్తూ చిన్న చిన్న చుక్కలు చల్లాలి. ఆ చుక్కలు గడ్డకట్టి గరుకు వస్తేనే ఇరవై కిలోల రాయి సాగుతుంది. చేయి తేడాగా ఊపితే ఆట పాడు, ఆ సాయంత్రమంతా అందరి సణుగుడూ వినాలి. సంస్మరణలో ఆ ఒక్క వాక్యం వెనక ప్రతి చలికాలం ఎన్నో రాత్రులున్నాయి. నాకడిగితే కౌన్సిలర్ పదవి కంటే అదే పెద్ద పదవి.

పంట కోసే సమయంలో ఎవరైనా చనిపోయినా, క్యాన్సర్‌తో ఆసుపత్రిలో పడ్డా ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఎవరో ఒకరు నలుగురికి ఫోన్ చేస్తారు. ఫలానా రోజు పొద్దున పది పదిహేను కంబైన్లు వాళ్ళ పొలంలో దిగుతాయి. తమ సొంత పంట నిలబడి ఉండగానే వస్తారు. డీజిల్ కో-ఆప్ (సహకార సంఘం) ఇస్తుంది, భోజనాలు చర్చి ఆడవాళ్ళు చూసుకుంటారు, సాయంత్రానికి ఆ కుటుంబం పంటంతా బిన్లలో ఉంటుంది. మన దగ్గర బదులుకు వెళ్ళే పద్ధతిలో ఈరోజు నీ పొలం, రేపు నా పొలం అని లెక్క ఉంటుంది. ఇందులో లెక్క ఉండదు, తిరిగి ఇచ్చే అవసరం ఎప్పుడూ రాకూడదనే కోరుకుంటారు. ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్ సంగతి కూడా దీనికి దగ్గరిదే. 1983లో కొన్ని చర్చిల సంస్థలు కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఊరివాళ్ళు ఒక పొలం కౌలుకు తీసుకుని, తలా ఒక మిషన్ తెచ్చి విత్తి, కోసి, అమ్మిన డబ్బు ఆకలి ఉన్న దేశాలకు పంపుతారు. పొలం అంచున బోర్డు పెడతారు, మీరు హైవే మీద చూసే ఉంటారు.

ఆయన భార్య గురించి సంస్మరణలో ఒకే లైన్ ఉందని మీరు గమనించారు, నాకు నచ్చింది. ఈ పొగడ్తల్లో పెద్ద లోటు అదే. కోతల్లో లారీ తోలింది, లెక్కలు రాసింది, తోట, కోళ్ళు, పిల్లలు చూసింది, ఆయన మీటింగ్‌కి పోయిన రాత్రులు ఆవు ఈనితే లాంతరు పట్టుకుంది ఆవిడే. హోమ్‌స్టెడ్ భూమి కూడా మామూలుగా ఆడవాళ్ళకి ఇవ్వలేదు, వితంతువులాంటి కుటుంబ పెద్ద అయితేనే అర్హత. 1973లో ఆల్బర్టాకు చెందిన ఐరీన్ మర్డాక్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పాతికేళ్ళు భర్తతో కలిసి గడ్డి కోసి, ట్రాక్టర్ నడిపి, పశువులకు టీకాలు వేసి, ముద్రలు కొట్టిన మనిషికి విడిపోయాక ఆస్తిలో వాటా లేదన్నారు. ఆ పని ఏ పశువుల రైతు భార్య అయినా చేసేదే అన్నది కోర్టుల ధోరణి. దేశమంతా ఆడవాళ్ళు భగ్గుమన్నారు, ఆ తరువాతి ఏళ్ళలోనే ఒక్కో ప్రావిన్సూ భార్యాభర్తల ఆస్తి చట్టాలు మార్చుకుంది. భూమి కొడుకులకు, చదువు కూతుళ్ళకు అనే పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. ఇది మనకూ బాగా తెలిసిన సంగతే కదా.

మీ ఓనర్‌ గారు మసూర్ పప్పు పండించేవారని కూడా రాశారు. దానికీ మనకూ నేరుగా సంబంధం ఉంది. 1972లో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త సస్కాచెవాన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1978లో ఆయన విడుదల చేసిన లేర్డ్ రకంతో ఇక్కడ మసూర్ సాగు ఊపందుకుంది. గోధుమ తరువాత భూమిని ఖాళీగా ఉంచే బదులు నేలకు నత్రజని ఇచ్చే పంట దొరికింది. ఇప్పుడు ప్రపంచంలో మసూర్ ఎగుమతిలో కెనడాదే మొదటి స్థానం, అందులో ఎక్కువ భాగం ఈ ప్రావిన్స్‌దే. కొనేవాళ్ళల్లో మనమూ పెద్దవాళ్ళమే. 2017 నవంబరులో ఢిల్లీ బఠాణీల మీద 50 శాతం, డిసెంబరులో మసూర్, శనగల మీద 30 శాతం దిగుమతి సుంకం వేసింది. అక్కడి పప్పుల రైతుకు ధర పడిపోకుండా అలా వేయడం నాకు అన్యాయంగా అనిపించలేదు. కానీ ఇక్కడ బిన్ల నిండా పప్పు పెట్టుకుని కూర్చున్న రైతుల మొహాలు కూడా చూశాను. 'మీ వాళ్ళకేమైంది?' అని నన్నే అడిగేవారు, సుంకం నేనే వేసినట్టు.

ఇప్పుడున్న పరిస్థితి మీరు చూస్తున్నదే. 1936లో సస్కాచెవాన్‌లో 1,42,000కు పైగా కమతాలుండేవి, 2021 లెక్కల్లో సుమారు 34,000. సగటు కమతం 1,700 ఎకరాలు దాటింది. పొలం తగ్గలేదు, మనుషులు తగ్గారు. పూర్వం పది కుటుంబాలున్న చోట ఇప్పుడు ఒకటి, పాత ఇళ్ళు పోయినా గాలికి అడ్డంగా నాటిన కరగానా చెట్ల వరుసలు మాత్రం పొలాల మధ్య నిలబడి ఉంటాయి. పది మంది చేసిన కమిటీ పని ఇప్పుడు ఇద్దరు ముగ్గురి నెత్తిన పడింది. అదే మనిషి ఫైర్ బ్రిగేడ్‌లో ఉంటాడు, అదే మనిషి హాల్ బోర్డులో ఉంటాడు. అలసిపోతున్నారు. అప్పులు కోట్లలో, కొడుకు క్యాల్గరీ నగరంలో, పొలం ఎవరికివ్వాలన్న తగాదా ఇంట్లో. ఒంటరితనం, మానసిక ఒత్తిడి గురించి మాట్లాడటం ఈమధ్యనే మొదలైంది. మీ కౌంటర్ దగ్గరకు నిద్రమాత్రల కోసం వచ్చే రైతు రెండు నిమిషాలు ఎక్కువసేపు నిలబడితే ఆయన్ని మాట్లాడనివ్వండి.

ఇక మీరు అడిగిన అసలు పనికి వద్దాం. అంత్యక్రియలకు నల్లబట్టలే వేసుకోవాలని లేదు, శుభ్రంగా ఉంటే చాలు. చర్చిలో లేవడం, కూర్చోవడం పక్కవాళ్ళను చూసి చేస్తే సరిపోతుంది. వరుసలో నిలబడి ఆయన భార్య చేయి పట్టుకుని 'నాకు ఇల్లిచ్చి బాగా చూసుకున్నారు' అని ఒక నిజమైన సంగతి చెప్పండి, పెద్ద మాటలు అక్కర్లేదు. అయిపోగానే వచ్చేయకండి. హాల్లో లంచ్ అంటారు, టైమ్ మూడయినా అదే పేరు. హామ్ పెట్టిన బన్నులు, పచ్చళ్ళు, చిన్న చిన్న తీపి ముక్కలు, కాఫీ ఉంటాయి. అసలు మాటలన్నీ అక్కడే నడుస్తాయి. తిన్నాక కుర్చీలు మడతపెట్టడానికి ఒక చేయి వేయండి, మీ పేరు ఊరందరికీ తెలిసిపోతుంది. పూలు వద్దు, రింక్‌కి గానీ స్టార్స్ ఎయిర్ అంబులెన్స్‌కి గానీ విరాళం ఇవ్వమని పేపర్లో రాసి ఉంటే ఇరవై డాలర్లయినా చెక్కు రూపంలో కార్డులో పెట్టి ఇవ్వండి. ఇంటికి ఏదైనా వండి తీసుకెళ్ళాలనుకుంటే కారం తగ్గించి పులిహోర చేయండి, గిన్నె అడుగున టేపు అతికించి మీ పేరు రాయండి. గిన్నె తప్పకుండా తిరిగొస్తుంది, చాలాసార్లు ఖాళీగా రాదు.

కర్లింగ్ నేర్చుకోవాలని ఉందన్నారు. ఐస్ చేసే మనిషి పోయాక వాళ్ళకి చేతులు కావాలి, అక్టోబరులో రింక్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళి అడగండి, ఆట రాకపోయినా పరవాలేదు. ఆ రోజుల్లోనే ఫౌల్ సప్పర్ కూడా వస్తుంది, కోతలయ్యాక హాల్లో ఊరంతా కలిసి తినే టర్కీ భోజనం. టికెట్ ముందే కొనుక్కోండి. శాకాహారులైతే పెరోగీలు (లోపల బంగాళాదుంప పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటివి), సలాడ్లు, గుమ్మడికాయతో చేసిన 'పై' దొరుకుతాయి. పెరోగీల మీద బేకన్ చల్లకముందే చెప్పండి, క్యాబేజీ రోల్స్‌లో ఒక్కోచోట అన్నం ఒక్కటే ఉంటుంది, ఒక్కోచోట మాంసం ఉంటుంది, వడ్డించే ఆవిడను అడిగి వేయించుకోండి.